అప్పుడు సీసం, ఇప్పుడు సీసా

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా మనవడు రెండు సీసాలు చేత పట్టుకుని మెట్లు దిగుతూ కనిపించాడు. ఒకదానికి ఎర్రమూత, ఒకదానికి నల్లమూత. దగ్గుమందు అనుకున్నాను.

"ఎవరికిరా ఒంట్లో బాగాలేదు?"

"కారుకు తాతా."

"ఏమైంది దానికి?"

"ఏం కాలేదు. ఇంజన్ క్లీన్ చేస్తున్నా. ఎర్రది పెట్రోల్ ట్యాంకులో, నల్లది ఇంజన్ ఆయిల్లో. నల్లది ఇంకోటి ఆఫర్‌లో ఫ్రీగా వచ్చింది, పైన ఉంది. పదిహేను నిమిషాల పని అంతే."

పదిహేను నిమిషాలట! మా రోజుల్లో పదిహేను నిమిషాల్లో మెకానిక్ ఉస్తాద్ చాయ్ తాగడం కూడా అయ్యేది కాదు. సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ, బండి వైపు అనుమానంగా చూస్తూ తాగేవాడు. ఆ చూపుతోనే సగం రోగం పట్టేసేవాడని నాకిప్పటికీ నమ్మకం.

ముసలాళ్లకు 'మా రోజుల్లో' అనే జబ్బొకటి ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటుంది మరి. నాకు డెబ్బై ఆరు. చిరాగ్ అలీ లేన్‌లో పుట్టి, పిలిస్తే పలికేంత దూరంలోనే నౌకరీ చేసి, అక్కడే రిటైరై, మా పాత పెంకుటిల్లు ఉన్నచోటే లేచిన అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటున్నవాణ్ని. అబిడ్స్ అంతా నా కళ్లముందే మారింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన ఇక్కడ దుకాణం పెడితే, ఆ దుకాణం పేరే పేటకు నిలిచింది. దుకాణం ఎప్పుడో పోయింది, పేరు మాత్రం బస్సు బోర్డుల మీద తిరుగుతూనే ఉంది. ఇంజన్ శుభ్రం చేయడం కూడా ఇప్పుడు అట్లాగే అయిందని నా గొడవ. పని పోయింది, పేరుంది.

నేను 1986లో కారు కొన్నాను. 1979 మోడల్ ప్రీమియర్ పద్మిని, నేను మూడో యజమానిని. 1089 సీసీ ఇంజను, నలభై గుర్రాల బలం అని కాగితం మీద ఉండేది. నా చేతికి వచ్చేసరికి అందులో పదో పన్నెండో గుర్రాలు కాలం చేసి ఉంటాయి. గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే, ముందు సీటు బెంచీలా ఒకటే, నడిమిట్లో మా పెద్దోడు. అప్పటికి మారుతీ 800 వచ్చి మూడేళ్లు కావస్తోంది గానీ, బుక్ చేసి దాని కోసం కూర్చోవడం కన్నా ఉన్నదాన్ని తోసుకోవడం నయమనిపించింది. నిజంగానే తోసుకున్నాం కూడా, జీపీఓ ముందు చాలాసార్లు.

అప్పట్లో పెట్రోల్లో సీసం కలిపేవాళ్లు. ఇంజను టకటకలాడకుండా ఉండటానికి. దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలన్న నియమం 2000 ఫిబ్రవరి 1 నుంచి గానీ రాలేదు. ఆ సీసం తన పని తాను చేస్తూనే లోపల బూడిదలాంటి పొర వేసేది. దానికి తోడు కార్బురేటర్. నాకిన్ని పాళ్లు పెట్రోలు, ఇన్ని పాళ్లు గాలి అని అదేం లెక్కపెట్టుకోదు, మా మేనత్త చింతపండు పులుసులో ఉప్పు వేసినట్టు చేతికొచ్చినంత పోసేది. ఇక కల్తీ సంగతి చెప్పనక్కర్లేదు. ఇన్ని కలిస్తే పదిహేను ఇరవై వేల కిలోమీటర్లకు ఇంజన్లో కార్బన్ పేరుకోక ఏం చేస్తుంది?

పేరుకున్నట్టు ఎట్లా తెలిసేదంటే, నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరానికి ఎక్కుతుంటే డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు చప్పుడు వచ్చేది. పికప్ ఉండేది కాదు. అన్నిటికంటే పరువు తక్కువ పని ఇంకోటి చేసేది. చాబీ తిప్పి తీసేసినా ఇంజను ఆగేది కాదు. లోపల ఎర్రగా కాలిన బొగ్గు ముక్కే ప్లగ్గు పని చేస్తుంటే, గుడగుడమని ఇంకో అర నిమిషం ఊగేది. ఒకసారి తాజ్‌మహల్ హోటల్ ముందు మా ఆఫీసరు గారు చూస్తుండగా నేను దిగి, తలుపు వేసి, నమస్కారం పెట్టినా నా కారు ఇంకా నడుస్తూనే ఉంది. "మీ బండికి మీమీద గౌరవం లేదండీ" అన్నారాయన.

అప్పుడు ఉస్తాద్ దగ్గరికి పోవడమే.

ఉస్తాద్ షెడ్డు నాంపల్లి స్టేషను ఎదురుగా, సరాయి వెనక సందులో ఉండేది. షెడ్డంటే పెద్దగా ఊహించుకోకండి. నాలుగు కట్టెలు, పైన తుప్పు పట్టిన రేకు, పక్కన వేపచెట్టు, ఆ చెట్టుకు వేలాడే పాత టైర్లు. ఆయన సామానంతా ఒక బిస్కెట్ డబ్బాలో పట్టేది. "సాబ్, హెడ్డు దించాలె" అనేవాడు. వేరే దారి లేదా అని అడిగితే ఒకటే జవాబు: "ఖోలే బగైర్ కైసా మాలూమ్ హోతా సాబ్?" విప్పకుండా ఎట్లా తెలుస్తుంది అని.

హెడ్డు దించడం నేను మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఆఫీసుకు సెలవు పెట్టి, పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని చూశాను. ముందు రేడియేటర్ నీళ్లు వదిలేవాడు. తర్వాత కార్బురేటర్, గొట్టాలు, ట్యాపెట్ కవరు ఒక్కొక్కటే ఊడదీసి, పరిచిన పాత ఉర్దూ పేపర్ మీద వరసలో పెట్టేవాడు. వరస తప్పితే పక్కనుండే కుర్రాడు చోటూకు మొట్టికాయ. ఇక హెడ్డు నట్లు. వాటిని ఎట్లా పడితే అట్లా విప్పకూడదు, అల్యూమినియం హెడ్డు వంకరపోతుంది. చివరల నుంచి నడిమికి, తలా కొంచెం వదులు చేస్తూ రావాలి. బిగించేటప్పుడు తిరగేసి, నడిమి నుంచి చివరలకు. ఆ పని చేస్తున్నంతసేపూ ఉస్తాద్ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

హెడ్డు లేపగానే కనబడే దృశ్యం ఈ కాలం పిల్లలు చూసి ఉండరు. నాలుగు పిస్టన్లు, నాలుగింటి నెత్తిమీదా మాడు. మెత్తటి మసి అనుకునేరు, కాదు. ఏళ్ల తరబడి తోమని అట్లపెనం అంచున పట్టిన మాడులాంటిది, గోరుతో గీకితే గోరే అరుగుతుంది. అక్కడక్కడా బూడిదరంగు పొర, అది సీసం తాలూకుది. ఉస్తాద్ దాన్ని చూసి, ఎవరింట్లోనో అంట్లగిన్నె చూసినట్టు నావైపు చూసేవాడు.

గీకడానికి ఇనుము వాడేవాడు కాదు. పిస్టన్ కూడా అల్యూమినియమే కదా, గీతలు పడతాయి. ఇత్తడి రేకు, వెదురుబద్ద. మిగతా సిలిండర్లలో గుడ్డలు కుక్కి, గీకే పిస్టన్ చుట్టూ సందులో గ్రీజు రాసేవాడు, రాలిన బొగ్గు రజను దానికే అంటుకోవాలని. అంతా గీకి, గ్యాస్‌నూనెలో ముంచిన గుడ్డతో అద్దంలా తుడిచి, అంచున మాత్రం ఒక సన్నని నల్లటి వలయం వదిలేసేవాడు. మొదటిసారి నేను ఊరుకోలేక, అది మర్చిపోయావు ఉస్తాద్ అన్నాను. నవ్వాడు. "వో ఛల్లా రహ్నా సాబ్" అన్నాడు. ఆ ఉంగరం ఉండాలట. అరిగిన ఇంజన్లో ఆ బొగ్గు వలయమే కింది ఆయిలు పైకి రాకుండా అడ్డం పడుతుందట. ఆ తర్వాత ఏడాదికి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల్లో ఒక ఇంగ్లీషు రిపేరు పుస్తకం దొరికింది. ఐదు రూపాయలకు బేరమాడి తెచ్చుకుంటే అందులోనూ అదే మాట ఉంది. ఉస్తాద్‌కు ఏ భాషలోనూ చదవడం రాదు.

ఆ తర్వాత వాల్వులు. ఒక్కో వాల్వుకు గ్రైండింగ్ పేస్టు పూసి, చివర రబ్బరు గిన్నె ఉన్న కర్రను దానికి అంటించి, రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పేవాడు, అచ్చం మజ్జిగ చిలికినట్టు. మొదట గరగరమని వినపడేది. కాసేపటికి ఆ గరగర తగ్గి, మెత్తటి సుయ్‌మనే చప్పుడుకు వచ్చేది. చెవితోనే తెలుసుకునేవాడు, చాలు అని. నమ్మకం కుదరక మళ్లీ పరీక్ష: వాల్వు వెనక గుంటలో ఇంత పెట్రోలు పోసి, ఒక బీడీ కాలేంతసేపు దూరంగా నిలబడి చూసేవాడు. దూరంగా ఎందుకంటే బీడీ కాబట్టి. కింద చెమ్మ కనిపించలేదా, వాల్వు కూర్చున్నట్టు. కనిపించిందా, మళ్లీ చిలకడమే. ఎనిమిది వాల్వులు.

రెండు రోజుల పని. మూడో రోజు పొద్దున స్టార్ట్ చేస్తే నా పద్మిని బాలింత స్నానం చేసి వచ్చినట్టుండేది. నౌబత్ పహాడ్ మూడో గేరులో ఎక్కేది. నా గోళ్లలో మసి మాత్రం వారం దాకా పోయేది కాదు.

స్కూటర్ల కథ ఇంకా మోటు. చేతక్, మన ఆల్విన్ వాళ్ల పుష్పక్, అన్నీ పెట్రోల్లో ఆయిలు కలిపి పోసేవే కాబట్టి వాటి సైలెన్సర్లు ఊరికే పూడుకుపోయేవి. ఊడదీసి మంటలో కాల్చి, కొట్టి, దులిపేవాళ్లు. నాంపల్లి గల్లీల్లో చలికాలం పొద్దున చలిమంట ఏదో, సైలెన్సర్ మంట ఏదో తెలిసేది కాదు. రెండింటి చుట్టూ జనం ఒకేలా కూర్చునేవాళ్లు.

ఇదంతా చెప్పి మా మనవణ్ని చిన్నబుచ్చాలని నా ఉద్దేశం. కాని రాస్తున్నాను కాబట్టి ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇంట్లో, ఎవరికీ తెలీకుండా, మందు పోసి ఇంజను కడిగే పని మేమూ చేశాం. మా మందు పేరు గ్యాస్‌నూనె. కిరోసిన్ అంటే గానీ ఇప్పటివాళ్లకు తెలీదు.

ఆ రోజుల్లో ఇంజన్ ఆయిల్‌ను అందరం 'మొబిలాయిల్' అనేవాళ్లం, ఏ కంపెనీదైనా సరే. మేం కొనగలిగిన రకంలో మురికిని కరిగించి మోసుకుపోయే గుణం అంతగా ఉండేది కాదు. అడుగున చాంబర్‌లో నల్లటి బురద దిగేది. ఆయిలు మార్చే ముందు సగం పాత ఆయిలు తీసేసి, ఆ మేరకు గ్యాస్‌నూనె పోసి, ఇంజన్‌ను ఐదు నిమిషాలు మెల్లగా తిప్పి, డ్రెయిన్ నట్టు విప్పి అంతా వదిలేయడం. రేసు ఇవ్వకూడదు, బండి కదపకూడదు. పల్చబడిన ఆయిలు బేరింగుల మధ్య నిలవదు, ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. ఉస్తాద్‌కు ఈ పద్ధతి ఇష్టం ఉండేది కాదు. "నాలీలో నీళ్లు కొడితే కచ్రా పోతదా, ముందుకు పోయి అడ్డం పడతదా?" అనేవాడు. అయినా నేను చేసేవాణ్ని. ఆయన కూలి మిగులుతుందని.

కూలి మిగిలేది, ఇంట్లో పోట్లాట వచ్చేది. రేషన్ కార్డు మీద నెలకు ఇన్ని లీటర్లని క్యూలో నిలబడి తెచ్చుకున్న గ్యాస్‌నూనె అది. మా ఆవిడ స్టవ్వుకు వత్తులు ఎగదోస్తూ, డబ్బా ఊపి చూసి, "పొయ్యిల పోసేటిది కార్ల పోసిన్రా? ఇగ అన్నం గూడ కార్లనే వండుకోండ్రి" అనేది. ఎంత సబ్బేసి కడిగినా నా చేతుల వాసన ఆమె ముక్కును దాటిపోలేదు. ఆ ముక్కు గురించి మళ్లీ చెబుతాను.

తీసేసిన నల్ల ఆయిల్‌ను పారబోసేవాళ్లం కాదు. తలుపు చట్రాలకు చెదలు పట్టకుండా పూసేవాళ్లం. మా మనవడు మొన్న, "వేస్ట్ ఆయిల్ ఎక్కడ పారేయాలి తాతా?" అని అడిగితే తలుపుల వైపు చూశాను. ప్లాస్టిక్ తలుపులు.

మోసాలు అప్పుడు లేవా అంటే ఉన్నాయి. నుమాయిష్‌లో ఒక జనవరి, ఒకాయన గాజు గ్లాసులో నల్లటి నీళ్లు పోసి, అందులో ఒక గోలీ వేసి, నీళ్లు తెల్లబడేట్టు చేసి చూపించాడు. ఇదే గోలీ పెట్రోల్లో వేస్తే ఇంజను ఇట్లాగే తెల్లబడుతుందన్నాడు. నేనూ కొన్నాను, మూడు గోలీలు. వేశాక కారులో ఏ మార్పూ రాలేదు, నాలో వచ్చింది. నల్ల నీళ్లకూ ఇంజన్‌కూ సంబంధం ఏమిటని ఇంటికొచ్చాక గానీ తట్టలేదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తర్వాత నాంపల్లి మైదానానికి మారిన ఆ నుమాయిష్‌లో నేను కొన్న వస్తువుల జాబితా మా ఆవిడ దగ్గర ఉంది, అడగకండి. ఇప్పుడు ఆ గోలీ ఆయన నుమాయిష్‌కు రావడం లేదు. సెల్‌ఫోన్లోకి వచ్చాడు. అప్పుడు నలభై ఐదు రోజులే ఉండేవాడు, ఇప్పుడు పన్నెండు నెలలూ ఉంటున్నాడు.

సరే, ఆ ఆదివారం. సీసాలు ఇటివ్వరా అని తీసుకుని భూతద్దం పెట్టి చదివాను. మా మనవడు చదవలేదు. వాడు వీడియో చూశాడు.

ఎర్రమూత సీసాలో అసలు సరుకు పాలీఈథర్ అమీన్ అనే డిటర్జెంట్. పెట్రోల్‌తో పాటు పోయి, ఇంజెక్టర్ల సన్న రంధ్రాల్లో పేరుకున్న జిగురును మెల్లమెల్లగా కరిగిస్తుంది. ఇందులో నుమాయిష్ గోలీ వ్యవహారం ఏమీ లేదు, నిజంగానే పనిచేస్తుంది. అమెరికాలో 1995 నుంచి పంపులో పోసే పెట్రోల్ అంతటిలోనూ ఇట్లాంటి డిటర్జెంట్ ఏదో ఒకటి ఉండి తీరాలని ప్రభుత్వమే నియమం పెట్టింది. కాని దానికి పదిహేను నిమిషాలు కాదు, ఒక ట్యాంకు మొత్తం తిరగాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది. కొత్తరకం కార్లు కొన్నింటిలో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే చిమ్ముతుంది, వాల్వు వీపును తాకనే తాకదు. తాకనిదాన్ని ఏం కడుగుతుంది? సీసా మీద మాత్రం అన్నిరకాల ఇంజన్లకూ అని రాసి ఉంది. మావాడి కారు ఆ రకం కాదులెండి.

నల్లమూత సీసా మూత తీసి వాసన చూశాను. పెట్రోలియం డిస్టిలేట్లు అని రాశారు గానీ, నా ముక్కుకు అది గ్యాస్‌నూనె చుట్టమే. ఏవో డిటర్జెంట్లు, ఇంకేవో మంచి మందులు కలిపి ఉంటారు, కాదనను. పద్ధతి కూడా మాదే: పాత ఆయిల్లో పోసి, బండి కదలకుండా పది పదిహేను నిమిషాలు ఇంజను తిప్పి, వెంటనే ఆయిలూ ఫిల్టరూ మార్చేయాలి. రేషన్ షాపులో క్యూ కట్టి తెచ్చుకున్నదాన్ని ఇప్పుడు ఆరువందలు పెట్టి ఇంటికి తెప్పించుకుంటున్నారు.

"ఒరేయ్, ఇది గ్యాస్‌నూనెరా" అన్నాను.

"తాతా, ఇది జర్మన్ టెక్నాలజీ" అన్నాడు.

"సరే. లోపల ఎంత మురికుందో చూశావా?"

"చూడక్కర్లేదు, అదే దీని గొప్ప."

నాకు కాలింది అక్కడే. వాడి కారు సెకండ్ హ్యాండ్‌లో కొని రెండేళ్లయింది. తొంభై వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు యజమాని ఎన్నడు ఆయిలు మార్చాడో, మార్చాడో లేదో దేవుడికెరుక. ఇల్లు, ఆఫీసు, మధ్యలో మొజంజాహీ మార్కెట్ దగ్గర ఇరవై నిమిషాలు నిలబడటం, ఇదీ దాని బతుకు. ఇంజను పూర్తిగా వేడెక్కేలోపే ఇల్లు వస్తుంది. లోపల ఆవిరి నీరు ఆయిల్లో కలిసి, కాలిన ఆయిలుతో చేరి, చిక్కటి లేహ్యం అవుతుంది. ఉస్తాద్ అయితే నెలకోసారి విజయవాడ రోడ్డు మీద గట్టిగా ఒక యాభై కిలోమీటర్లు లాగించి రమ్మనేవాడు, అదే సగం వైద్యం.

వాడు పోసేశాడు. ఎర్రది ట్యాంకులో, నల్లది ఇంజన్లో. పదిహేను నిమిషాలు ఫోన్లో గంట పెట్టుకుని ఇంజను తిప్పాడు. గంట మోగింది. డ్రెయిన్ చేయాలి. అప్పుడు మొహం అదోలా పెట్టి అన్నాడు, "తాతా, కొత్త ఆయిలు తేలేదు."

అదేం పనిరా అంటే, "దగ్గర్లోనే దుకాణం ఉంది కదా, అదే కారులో పోయి తెచ్చేద్దాం" అన్నాడు. వద్దన్నాను. ఆటోలో పోదామన్నాను. ఐదు నిమిషాలే తాతా అన్నాడు. ఈ తరానికి అన్నీ నిమిషాల్లోనే. గంటలు, రోజులు అనే కొలతలు వీళ్లకు చెప్పలేదేమో.

నాంపల్లిలో దుకాణం ఆదివారం కాబట్టి మూసి ఉంది. ఇంకోటుంది అని అబిడ్స్ వైపు తిప్పాడు. జీపీఓ సర్కిల్ దగ్గరికి వచ్చేసరికి డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. నూనెడబ్బా బొమ్మ, దాని మూతి నుంచి ఒక చుక్క. ఇన్నేళ్లలో బండ్లు మారాయి గానీ ఆ బొమ్మ మారలేదు.

"ఆపు" అన్నాను.

"సిగ్నల్ దాటి పక్కకు…"

"చాబీ తియ్!"

నేను వాడి మీద అరిచి ఎన్నేళ్లయిందో. భయపడి తీసేశాడు. ఆదివారం సంత, ఫుట్‌పాత్ నిండా పుస్తకాలు. ఇద్దరు పుస్తకాలవాళ్లు లేచి వచ్చి, మూడో వాడు తిడుతూ, కారును అంచుకు తోశారు. సరిగ్గా నా పద్మినిని తోసిన చోటే. టోయింగ్ బండి వచ్చేదాకా గంటన్నర నేను పుస్తకాలు తిరగేశాను. ఒకప్పుడు రిపేరు పుస్తకాలు, రేడియో పుస్తకాలు కుప్పలుగా ఉండేవి. ఇప్పుడన్నీ పోటీపరీక్షల గైడ్లే. మా మనవడు ఫోన్లో, రెడ్ ఆయిల్ లైట్ అంటే ఏమిటి అని వెతుకుతున్నాడు.

ఉస్తాద్ పోయి పద్దెనిమిదేళ్లు. ఆయన కొడుకు షెడ్డు ఇప్పుడు గోషామహల్ వైపు ఉంది, పాత బండ్ల ముక్కలమ్మే గల్లీల నడుమ. అతనికే అరవై దాటాయి. నన్ను చూసి, "చచా, మల్లీ పద్మినియేనా?" అని నవ్వి, సంగతి విని నవ్వు ఆపేశాడు. తండ్రికి లేనిది ఇతని దగ్గర ఒకటుంది: లిఫ్టు. కారును పైకి లేపి, ఆయిలు వదిలి, చాంబర్ బోల్టులు విప్పి, దాన్ని దించి, పేపర్ మీద పెట్టాడు. ఈసారి తెలుగు పేపరు.

మా మనవడు వంగి చూశాడు. చాంబర్ అడుగున రెండు వేళ్ల మందాన నల్లటి హల్వా. ఆయిలు పీల్చే గొట్టం మూతికి ఉండే జాలీ అసలు జాలీలాగే లేదు, తారు పూసిన రూపాయి బిళ్లలాగుంది. సీసాలోని మందు తన పని బ్రహ్మాండంగా చేసింది. ఇంజన్ గోడలకు ఏళ్లుగా అంటుకున్న మురికినంతా పెచ్చులుగా ఊడగొట్టింది. ఆ పెచ్చులు పోవాల్సిన తోవలో పోక జాలీకి అడ్డం పడ్డాయి. పైగా ఆయిలు నీళ్లలా పల్చబడి ఉంది. పంపు పీల్చడానికి ఏమీ రాలేదు. ఇంకో రెండు కిలోమీటర్లు పోనిస్తే బేరింగులు పట్టేసేవి.

"మందు మంచిదే చచా" అన్నాడు ఉస్తాద్ కొడుకు. "మంచిగున్న ఇంజన్‌కు మంచిది. గింత కచ్రా ఉన్నదానికి ముందు చాంబర్ దించి చేత్తోని కడగాలె. తర్వాత ఆయిలు రెండుసార్లు జల్దీ జల్దీ మారిస్తే అదే మెల్లగ కడుగుతది. ఇప్పటి ఆయిల్ల అన్నీ ఉంటయి." వాళ్ల నాన్న నాలీ మాట నాకు గుర్తొచ్చింది గానీ పైకి అనలేదు. అనకుండా ఉండటం ఎంత కష్టమైందో చెప్పలేను.

మా మనవడు మాట్లాడకుండా చేతి తొడుగు తీసేసి, వేలితో ఆ హల్వాను ముట్టుకుని, వేళ్ల మధ్య నలిపి చూశాడు. వీడు సాఫ్ట్‌వేర్ వాడు. వాడి గోట్లో మసి చేరడం నేను చూడటం అదే మొదలు. నాకెందుకో కోపం పోయింది.

ఇంటికొచ్చేటప్పుడు మెట్రోలో వాడు ఊరుకోలేదు. "ఒక మాట చెప్పు తాతా. నీ కారు హెడ్డు ఎన్నిసార్లు దించారు?"

"మూడుసార్లు."

"ఎన్ని కిలోమీటర్లకు?"

"అరవై వేలకు."

"నాది తొంభై వేలు. హెడ్డు ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు."

ఇదిగో, చదువుకున్న పిల్లలతో ఇదే తంటా. వాడన్నది నిజం. సీసం పోయింది, కార్బురేటర్ పోయి కంప్యూటర్ వచ్చింది, ఆయిల్లో డిటర్జెంట్ వచ్చింది. మేం అంత గొప్పగా గీకామంటే గీకాల్సిన అవసరం అంతగా ఉంది కాబట్టి. అసలు కార్బన్ పట్టకూడదంటే చౌమహల్లాలో ఉన్న నిజాం గారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌లాగా ఉండాలి. 1912 నాటి బండి, వెనక సింహాసనం, ఊరేగింపులకు తప్ప బయటికి రాక లెక్కపెట్టినన్ని మైళ్లే తిరిగింది. తిరగని ఇంజనంత శుభ్రమైనది ఇంకోటి లేదు.

అయినా నేను తగ్గలేదు. ఇప్పుడు పెట్రోల్లో నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలుస్తోంది. అది తేమ పీలుస్తుంది, పాత ట్యాంకుల్లో అడుగున పట్టినదాన్ని కదిలిస్తుంది. ఆ భయం మీద ఇంకో పది రకాల సీసాలు దిగాయి. సర్వీసుకు ఇస్తే బిల్లులో 'ఇంజన్ ఫ్లష్', 'డీకార్బనైజింగ్', 'ఇంజెక్టర్ క్లీనింగ్' అని మూడు వరసలు. ఒకచోట నేనే అడిగాను, తీసిన కార్బన్ చూపించు బాబూ అని. కౌంటర్లో పిల్లవాడు, "అది పొగలో పోయింది సార్" అన్నాడు. మా ఉస్తాద్ గీకిన బొగ్గును పేపర్లో పొట్లం కట్టి చేతికిచ్చేవాడు, ఇదిగో మీ పైసలు అని. నా పేచీ సీసాతో కాదురా, ఆ పొట్లం ఏదీ అని, అన్నాను.

వాడు ఫోను తీసి చాంబర్ ఫోటో చూపించాడు. "ఇదిగో నీ పొట్లం."

మొన్న బుధవారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. మా వరండా గ్రిల్లు తలుపు ఏడాదిగా కీచుమంటోంది. కొబ్బరినూనె రాశాను, పోలేదు. షెల్ఫులో ఆఫర్‌లో వచ్చిన నల్లమూత సీసా ఉంది. మూతలో సగం పోసి, కోడి ఈకతో కీలుకు రాశాను. తుప్పు గోధుమరంగు చారలుగా కారి దిగింది. నాలుగుసార్లు ఆడించి, గుడ్డతో తుడిచి, పైన రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేశాను. చప్పుడు లేదు. సీసా ఉన్నచోటే, పేరు గోడవైపు తిప్పి పెట్టేసి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని పేపరు పట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రం మా ఆవిడ గుడి నుంచి వచ్చింది. గ్రిల్లు తలుపు తీసింది, అది పలకలేదు. ఒక క్షణం ఆగింది. నా పక్కనుంచి పోతూ పోతూ మళ్లీ వెనక్కి వచ్చి నిలబడింది.

"గ్యాస్‌నూనె యాడికెల్లి తెచ్చిన్రు?"